మూడో ముడికి పేలిన కనకాంబరం

ఆ రోజుల్లో, అంటే మరీ రాజుల కాలమేమీ కాదు లెండి, మీటల ఫోను చేతిలో ఉంటేనే గొప్పగా చెప్పుకునే రోజుల్లో, మా కార్వేటినగరం చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళ వెనక నాలుగడుగులు నడిస్తే చాలు, కొప్పు చూసి ఆవిడ ఎవరింటి మనిషో చెప్పేయొచ్చు. ఒక్కో ఇంటికి ఒక్కో పువ్వు. మరువం కలిపి కట్టేవాళ్ళు ఒకరు, మల్లెలు తప్ప మరోటి ముట్టనివాళ్ళు ఒకరు. మా ఇంటి గుర్తు మాత్రం కనకాంబరం. ఇప్పుడు ఆ మాట అంటే మా ఆఫీసులో పిల్లలు "అది వాసన లేని పువ్వు కదా మేడం" అని పెదవి విరుస్తారు. నాకు ఎక్కడలేని పౌరుషం వచ్చేస్తుంది. వాసన లేకపోతేనేం? మల్లె సాయంత్రానికి వాడిపోతుంది. రోజా రెండో పూటకే రెక్కలు రాల్చేస్తుంది. కనకాంబరం మూర ఒకటి తల్లో పెట్టుకుంటే మర్నాడు కూడా అట్లాగే ఉంటుంది. బరువు ఉండదు, తలనొప్పి తేదు. ఇంత బుద్ధిమంతురాలైన పువ్వు ఇంకోటి ఉందా అని నేను చెయ్యి ఊపుతూ వాదిస్తాను (ఈ పువ్వు బుద్ధిమంతురాలు కాదని నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. ఆ సంగతికే వస్తున్నాను).

మా నాయన వాళ్ళ అమ్మ, అంటే మా అవ్వ, ఇంటెనక వేపచెట్టు నీడలో చిన్న కనకాంబరం మడి పెంచేది. మా జిల్లాలో కనకాంబరం తోటలకు కొదవ లేదు. కానీ తిరుపతి పూల అంగళ్ళలో గంపలకు గంపలు దిగేది ఎక్కువగా ఢిల్లీ కనకాంబరం. పువ్వు పెద్దది, రంగు లేత నారింజ, చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ దానికి విత్తనం పట్టదు. కొమ్మ విరిచి నాటుకోవాల్సిందే. మా అవ్వది అది కాదు. ఆవిడ కాపురానికి వచ్చినప్పుడు పుట్టింటి నుంచి తెచ్చుకున్న నాటు రకం. పువ్వు చిన్నది, రంగు మాత్రం సరిగ్గా రామచిలక ముక్కు రంగు. అందుకే ఊళ్ళో అందరూ దాన్ని చిలకముక్కు కనకాంబరం అనేవాళ్ళు. అవ్వ ఆ మడిని మాకంటే గారాబంగా చూసేది. ఎండ మరీ తగలకూడదు, నీడ మరీ ముసరకూడదు. ఎర్రమట్టి, పశువుల ఎరువు, కాస్త ఇసక. నీళ్ళు పొయ్యాలి గానీ నిలవకూడదు. పచ్చటి కంకి కింది నుంచి పైకి వరసలు వరసలుగా పూలు విచ్చుతుంటే, రోజు విడిచి రోజు పొద్దున్నే మునివేళ్ళతో లాగి తీసేది. పక్కింటివాళ్ళు మొక్క అడిగితే "పూలు ఎన్నైనా కోసుకోపో, మొక్క అడగొద్దు" అనేది. ఆ ఒక్క విషయంలో ఆవిడ పిసినారి అని ఊరంతటికీ తెలుసు.

నేను అప్పటికి తిరుపతిలో డిగ్రీ చదువుతున్నాను, అందులోనూ వృక్షశాస్త్రం. సెలవులకు ఇంటికొస్తే గడపలో కాలు పెట్టకముందే నా విద్య మొదలయ్యేది. కరివేపాకును కరివేపాకు అనడం కూడా మానేశాను. ఒకసారి మడి దగ్గర నిలబడి, "అవ్వా, దీని పేరు తెలుసునా? క్రాసాండ్రా ఇన్‌ఫండిబులిఫార్మిస్!" అని చేతులు కట్టుకుని అప్పజెప్పాను. అవ్వ పూలు కోస్తూనే తల పక్కకు తిప్పి, "దీనికి ఇంత పేరెందుకే? పువ్వు కంటే పేరే బరువుగా ఉండాది" అంది.

పేరు సంగతి ఎట్లా ఉన్నా, ఆ మొక్కలో మాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన తమాషా ఒకటుంది. పూలు కోయకుండా వదిలేస్తే కంకి ఎండి, అందులో గోధుమ రంగు కాయలు పడతాయి. వడ్లగింజ కంటే కాస్త పెద్దవి. ఎండిన ఆ కాయకు చుక్క తడి తగిలిందో, కాసేపు గమ్మునుండి, మనం మరిచిపోయే వేళకు 'టప్' మని పేలి విత్తనాలను అంత దూరం విసిరేస్తుంది. వాన పడినప్పుడే విత్తనం నేలకు చేరాలని ఆ మొక్క చేసుకున్న ఏర్పాటు అది. మేము దాన్ని బడిలో వాడుకునేవాళ్ళం. కాయను ఎంగిలి చేసి ముందు బెంచీ పిల్ల జడలో దోపి, పలక మీద తల వంచుకుని కూర్చునేవాళ్ళం. తర్వాత వచ్చే కేక కోసం ఎదురుచూడటంలో ఉన్న ఆనందం నాకు మళ్ళీ ఏ సినిమాలోనూ దొరకలేదు.

ఆ సంవత్సరం మడికి ఎండు తెగులు తగిలింది. నిన్న పచ్చగా ఉన్న మొక్క ఇవాళ తల వేలాడేసేది. పీకి చూస్తే వేళ్ళ నిండా బుడిపెలు. నేను మా పుస్తకాల్లో చదివిన మందులన్నీ చెప్పాను, నాయన వేపపిండి తెచ్చి వేశాడు, అవ్వ మడి చుట్టూ దిష్టి తీసింది. ఏదీ పని చెయ్యలేదు. వరస తర్వాత వరస పోతుంటే అవ్వ మిగిలిన మొక్కల పూలు కోయడం మానేసి కాయలకు వదిలింది. చివరికి ఒక దోసెడు కాయలు దక్కాయి. "ఈ మట్టిలో ఇంక బతకవు. వేరే మట్టికి పోవాల" అని తేల్చింది. వేరే మట్టి అంటే తిరుపతిలో మా అత్త, అంటే అవ్వ కూతురు, కొత్తగా కట్టుకున్న ఇంటి ముందు ఖాళీ జాగా. అక్కడ నేరేడుచెట్టు నీడ కూడా ఉంది. సరిగ్గా అప్పుడే, శ్రావణ మాసంలో, అత్త కూతురి పెండ్లి కుదిరింది. ఆమె నాకు వదిన వరస. పెండ్లికొడుకుది గూడూరు, నిమ్మకాయల వ్యాపారం చేసే కుటుంబం.

కాయల్ని తిరుపతి చేర్చే పని నా మీద పడింది. అవ్వ, అమ్మా నాయన పెండ్లి పొద్దున వ్యానులో వస్తారు. ఆ వ్యాను నిండా అరటి గెలలు, తడిగుడ్డలు చుట్టిన పూల గంపలు, నీళ్ళ క్యాన్లు. అంత తడిలో ఈ కాయలు రావడమా? అందుకని ముందురోజు బస్సులో పోయే నేనే పట్టుకెళ్ళాలి. అవ్వ కాయలకు పురుగు పట్టకుండా పసుపు పట్టించి, పసుపు గుడ్డలోనే మూట కట్టి నా చేతిలో పెట్టింది. "డబ్బాలో పెట్టొద్దు, చెమ్మ పడతాది. చెయ్యి తడిగా ఉంటే ముట్టుకోవద్దు. కాయలో ఉన్నంతసేపే విత్తనం నిద్రపోతాది, పేలితే ఆ పొద్దే మన్నులో పడాల. మీ అత్త చేతికే ఇయ్యి. ఇది పోతే నా పుట్టిల్లు పోయినట్టే మే" అంది. ఆ చివరి మాట అనేటప్పుడు ఆవిడ నవ్వలేదు. నేను మాత్రం ఛాతీ విరుచుకుని, "నేను బాటనీ స్టూడెంటుని అవ్వా" అన్నాను.

బాటనీ స్టూడెంటు బస్సెక్కింది. పుత్తూరు దాటకముందే వాన మొదలైంది. బస్సు పైకప్పు సరిగ్గా నా సీటు మీదే కారుతోంది. నేను వెంటనే గొడుగు విప్పేశాను. కండక్టరు వచ్చి కాసేపు నన్ను, కాసేపు గొడుగును చూసి, "ఏం పాపా, బస్సులో గొడుగేంది? లోపల పసిబిడ్డేమన్నా ఉండాదా?" అన్నాడు. నేను మూటను ఇంకా దగ్గరకు హత్తుకునేసరికి ఆయనకు అనుమానం బలపడింది. అంతలో ముందు సీటులో నిజం పసిబిడ్డను ఎత్తుకున్న ఆవిడ టికెట్టు తీసుకోవడానికి, "అమ్మాయ్, వీణ్ణి రవ్వంతసేపు పట్టుకుంటావా?" అని వాణ్ణి నా వైపు చాపింది. లంగోటీ కూడా లేని ఆ పిల్లాణ్ణి చూడగానే నాకు తడి గుర్తొచ్చి, "వద్దు వద్దు!" అని కేక పెట్టాను. బస్సంతా వెనక్కి తిరిగింది. తిరుపతి చేరేదాకా ఎవరూ నా పక్కన కూర్చోలేదు. ఆ దారంతా నేను మంచినీళ్ళు కూడా తాగలేదని చెబితే మీరు నవ్వుతారు, కానీ నిజం.

కల్యాణమండపంలో ఇంకా పెద్ద కష్టాలు ఎదురయ్యాయి. ఆడవాళ్ళ గదిలో ఎటు చూసినా తలస్నానాలు, తడి తువ్వాళ్ళు, బకెట్లు. మూటను అటక మీద పెట్టి, నేను దాని కిందే పడుకున్నాను. పొద్దున్నే అత్త కోసం వెతికాను. అత్త అప్పటికి ఐదారుగురు అత్తలు చేసే పని ఒక్కతే చేస్తోంది. కళ్ళద్దాలు నెత్తి మీద, తాళాలు నడుముకి, నోట్లో పిన్నీసు. "అత్తా, అవ్వ ఇది నీకు ఇమ్మనింది" అని మొదలుపెట్టానో లేదో, "ఆడ యాడన్నా పెట్టు మే, తర్వాత చూస్తా. నువ్వు పోయి పన్నీరు బుడ్డి పట్టుకో, మగపెండ్లివాళ్ళు దిగినారు!" అని నా చేతిలో వెండి పన్నీరు బుడ్డి పెట్టి మాయమైంది.

నా పరిస్థితి ఊహించండి. ఒక చేతిలో తడి తగలకూడని మూట, రెండో చేతిలో తడి చల్లే బుడ్డి! నేను గుమ్మం దగ్గర నిలబడి చుట్టూ చూశాను. గంధం గిన్నె, తడి. పూల పళ్ళెం, తడి. తాంబూలాల తట్ట, తమలపాకులన్నీ తడి. మండపం మొత్తంలో పొడిగా ఉన్న చోటు ఒకటే కనిపించింది. పీటల పక్కన బల్ల మీద అక్షింతల పళ్ళేలు. ఎండిన బియ్యం, పొడి పసుపు, పైన పొడిగుడ్డ. అక్కడ ఎవరూ నీళ్ళు పెట్టరు, పెట్టనివ్వరు. నా చదువు, నా తెలివి, నా జాగ్రత్త అన్నీ కలిసి ఒక్క తీర్మానం చేశాయి. మూటను భద్రంగా ఆ పళ్ళేల మధ్య పెట్టి, నా భుజం నేనే తట్టుకున్నంత పని చేసి, పన్నీరు చల్లడానికి పోయాను.

మా పక్క ఒక ఆనవాయితీ ఉంది. పెండ్లికూతురి అమ్మమ్మ ఇంటి నుంచి, ఇంటిదేవుడి ముందు పెట్టిన అక్షింతలు పసుపు గుడ్డలో మూట కట్టి తెస్తారు. ముహూర్తానికి ముందు వాటిని మిగతా అక్షింతల్లో కలిపి అందరికీ పంచుతారు. ఆ మూట అవ్వ దగ్గర, వ్యానులో ఉంది. ఆ వ్యాను రేణిగుంట దగ్గర రైల్వే గేటు ముందు ఆగిపోయి ఉంది. ఇక్కడ ముహూర్తం దగ్గరపడుతోంది, మా అత్త పరుగున అక్షింతల బల్ల దగ్గరికి వచ్చింది. పళ్ళేల మధ్య పసుపు గుడ్డ మూట! "అబ్బ, అమ్మ ముందే పంపించిందే!" అనుకుని, కళ్ళద్దాలు నెత్తి మీద ఉండగానే ముడి విప్పి, కళ్ళకద్దుకుని, మొత్తం బియ్యంలో ఒలకబోసి, రెండు చేతులా బాగా కలిపింది. అదంతా తర్వాత తెలిసిన సంగతి. ఆ సమయానికి నేను గుమ్మం దగ్గర గూడూరు వాళ్ళ మీద పన్నీరు కురిపిస్తున్నాను.

అవ్వ వ్యాను, అక్షింతలు పంచేశాక, గట్టిమేళానికి కాస్త ముందు చేరింది. అవ్వ ముందు వరసలో కూర్చుంది. నేను పీటల పక్కన బుడ్డితో సిద్ధంగా ఉన్నాను. మంగళసూత్రం చేతికి రాగానే నాదస్వరం ఎత్తుకుంది, డోలు ఉరిమింది, మండపంలో ఉన్న జనమంతా అక్షింతలు విసిరారు. ఆహా, ఏం వాన అది! నాకు ఒళ్ళు తెలియలేదు. వదిన పెండ్లి! అక్షింతలు ఎటు పడితే అటు నేను పన్నీరు చల్లాను. పెండ్లికొడుకు తలపాగా మీద, వదిన పూలజడ మీద, మంత్రాలు చదువుతున్న అయ్యవారి ఉత్తరీయం మీద (ఆయన ఏర్పేడు నుంచి వచ్చినాయన, తడిసినా మంత్రం ఆపలేదు), వెనకనున్న పెద్దల మీద. ఒకటో ముడి పడింది. రెండో ముడి పడింది.

టప్.

పెండ్లికొడుకు ఆగి, కళ్ళు పైకెత్తి తన తలపాగాను చూసుకోవడానికి ప్రయత్నించాడు. టప్, టప్. ఈసారి అయ్యవారి భుజం మీద. ఆయన గొంతులో మంత్రం గతుక్కుమంది. డోలాయన తన డోలు చర్మం చిరిగిందేమోనని వాయించడం ఆపి తడిమి చూసుకున్నాడు. వీడియో తీసేవాడి చెంపకు ఏదో తగిలి, "అమ్మా!" అని కెమెరాను ఆకాశానికి తిప్పేశాడు. అక్కడి నుంచి ఒక్కొక్కటి లెక్కపెట్టే వీలు లేకుండా, పెనం మీద జొన్నలు పేలినట్టు మండపమంతా టపటపటప. వదిన జడలోంచి, ఆడపడుచు చీర కుచ్చిళ్ళలోంచి, ఎవరివో బట్టతలల మీంచి. ఎవరో "కరెంటు షార్టయింది, లెయ్యండి లెయ్యండి!" అని అరిచారు. ఇంకెవరో పోయి మెయిన్ ఆపేశారు. ఫ్యాన్లు ఆగిపోయాయి, నాదస్వరం ఆగిపోయింది. పెండ్లికొడుకు చేతిలో దారం రెండు ముళ్ళతో నిలిచిపోయింది.

పెండ్లికొడుకు మేనమామ, పెద్ద మీసాల ఆయన, లేచి నిలబడ్డాడు. "టపాసులు ఎవురప్పా కాల్చింది? తాళి కట్టే వేళ ఇదేం పని?" అన్నాడు. వెనక నుంచి ఒక ముసలావిడ "అపశకునమమ్మా, ముడి మధ్యలో ఆగిపొయ్యింది" అని గొణిగింది. ఆ గొణుగుడు వరస వరసకూ పాకుతుంటే వదిన తల వంచుకునే ఉంది గానీ, ఒళ్ళోని కొంగును పిడికిట్లో నలిపేస్తోంది. నాకు అప్పటికే అర్థమైపోయింది. అక్షింతల బల్ల మీద పసుపు గుడ్డ ఖాళీగా పడి ఉంది. నా చేతిలో పన్నీరు బుడ్డి ఉంది. నేనే తెచ్చాను, నేనే అక్కడ పెట్టాను, నేనే తడిపాను!

అవ్వ వైపు చూశాను. ఆ శబ్దం వినగానే ఆవిడకు తెలిసిపోయింది, ముఖం చూస్తే తెలుస్తోంది. ఒడిలో తన అసలు అక్షింతల మూట అట్లాగే ఉంది. ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తర్వాత మోకాళ్ళు పట్టుకుని లేచి, మండపమంతా వినబడేలా అంది:

"ముడెయ్యి నాయనా, ముడెయ్యి! ఏంటికి నిలబడిపోతివి? అవి మా పుట్టింటి కనకాంబరం కాయలు. మూడో ముడికి పేలాల, అదీ మా ఆనవాయితీ! పేలకుంటే కదా కష్టం! మేళం ఏమైందప్పా, వాయించండి!"

అటువంటి ఆనవాయితీ అవ్వ పుట్టింట్లో లేదు, మెట్టినింట్లో లేదు, భూమ్మీద ఎక్కడా లేదు. కానీ అవ్వ గొంతులో ఉన్న ధీమా చూసి నాకే ఒక క్షణం ఉందేమో అనిపించింది. మీసాల ఆయన మీసం తడుముకుని, "ముందుగాల చెప్పాల గదమ్మా" అని కూర్చున్నాడు. అయ్యవారు, ఆయన చల్లగా ఉండాలి, గొంతు సవరించుకుని "అవునవును, దేశాచారం" అన్నారు. డోలు మళ్ళీ ఉరిమింది. మూడో ముడి పడింది. సరిగ్గా అప్పుడే పెండ్లికొడుకు చెవి పక్కన చివరి కాయ ఒకటి పేలితే, జనమంతా చప్పట్లు కొట్టారు. వదిన తల వంచుకునే నవ్వింది.

నేను నవ్వలేదు. భోజనాల వేళ జనం ఖాళీ కాగానే పొరక పట్టుకుని వేదిక మీదికి పోయాను. అప్పటికే మండపం పనివాళ్ళు నీళ్ళు కొట్టి కడిగేశారు. జంపఖానా మడతల్లో, పీటల సందుల్లో వేళ్ళు పెట్టి వెతికి, విత్తనాల్లా కనిపించినవన్నీ రుమాల్లో మూట కట్టుకున్నాను. సాయంత్రం వ్యానులో అవ్వ పక్కన కూర్చున్నాను. పుత్తూరు రాకముందే ఏడుపు ఆపుకోలేక, "నీ పుట్టిల్లు పోగొట్టినాను అవ్వా" అన్నాను.

"ఏడవొద్దు మే. పెండ్లి నిలిచింది గదా. పిల్ల ముఖంలో నెత్తురు లేకుండా పొయ్యింది, నువ్వు చూడలేదా? పువ్వు కోసరం పిల్లను వదులుకుంటామా?" అంది. కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, చాలా మెల్లిగా అడిగింది. "ఒక్కటన్నా దొరికిందా?"

దొరికాయని చెప్పి రుమాలు చూపించాను. ఇంటికి పోగానే కొత్త కుండీ, కొత్త మట్టి, నా వృక్షశాస్త్రం మొత్తం వాటి మీద ధారపోశాను. రోజూ పొద్దున లేస్తూనే కుండీ ముందు కూర్చునేదాన్ని. నా ప్రార్థన ఫలించి మొలకలు వచ్చాయి. ఊరంతా వినబడేలా అవ్వను పిలిచాను. అవ్వ వంగి చూసి, ఒక ఆకు తుంచి వాసన చూసి, "ఇవి ఆవాలు. ఇది ధనియాలు. వంటోళ్ళు జంపఖానా మీద కూచుని పోపు సామాన్లు ఏరినట్టుండారు. పోనీలే, చట్నీకి పనికొస్తాది" అంది. నా డిగ్రీ మీద నాకున్న గౌరవం ఆ రోజు కొత్తిమీర చట్నీతో సరి.

వేసవికి మడిలో ఆఖరి మొక్కా ఎండిపోయింది. అవ్వ ఆ మడిని తవ్వించి వంకాయలు వేసింది. తన కొప్పులో మాత్రం వేరే పువ్వు పెట్టలేదు. అమ్మ ఢిల్లీ కనకాంబరం మూర తెచ్చి ఇస్తే, "బాగుండాది, నువ్వు పెట్టుకో" అని తిరిగి ఇచ్చేసింది. ఖాళీ కొప్పుతో అవ్వ వాకిట్లో తిరుగుతుంటే నేను పక్కకు తప్పుకునేదాన్ని. ఆవిడ నన్ను ఒక్క మాట అన్నా బాగుండేది.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం గూడూరు నుంచి వదిన ఫోను చేసింది. వాళ్ళత్త పక్కనే ఉండి మాట్లాడించింది. పెండ్లి అయిన రోజు పెండ్లికొడుకు తలపాగా, పట్టుపంచె పెరట్లో దులిపారట. నిమ్మకాయల గోతాలు పెట్టే చావడి పక్కన, దులిపిన చోటే, మొక్కలేవో గుత్తిగా లేచాయట. నేను స్పీకరు పెట్టాను. అవ్వ చేస్తున్న పని వదిలేసి ఫోను ముందు కూర్చుని, పోలీసులా విచారణ మొదలుపెట్టింది.

"ఆకు యెట్లుండాది? మెరస్తా ఉండాదా?"

"ఉండాది అమ్మమ్మా, ముదురాకుపచ్చ."

"అంచు అలలు అలలుగా ఉండాదా?"

"ఉండాది."

"కంకి యేసిందా? పచ్చగా, నాలుగు పలకలుగా?"

"ఇప్పుడే ఏస్తా ఉండాది."

అవ్వ లేచి నిలబడింది. "మేయ్, నా మంచి చీర తియ్యి."

మోకాళ్ళ నొప్పి అని తిరుపతి కొండకు కూడా రానన్న మనిషి, మర్నాడు పొద్దున్నే రేణిగుంటలో రైలెక్కి నాకంటే ముందు కిటికీ సీటు పట్టుకుంది. గూడూరులో వియ్యపురాలు గుమ్మంలో చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడితే, అవ్వ "వస్తా, వస్తా" అంటూ ఆవిడను దాటుకుని నేరుగా పెరట్లోకి నడిచింది. నిమ్మకాయల ఘాటు వాసన మధ్య, చావడి నీడలో, ఎవరూ నాటని, ఎవరూ నీళ్ళు పొయ్యని మొక్కలు మోకాలెత్తు నిలబడి ఉన్నాయి. ఒక కంకికి కింది వరస అప్పుడే విచ్చింది. రామచిలక ముక్కు రంగు!

"అదే మే! అదే!" అని అవ్వ అక్కడే ఉన్న నిమ్మకాయల గోతం మీద కూర్చుండిపోయింది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు. నేను మాత్రం రెండూ చేశాను, పైగా గంతులు కూడా వేశాను. వియ్యపురాలికి ఏం అర్థమైందో గానీ ఆవిడా మాతో పాటు కళ్ళు తుడుచుకుంది. మీసాల మేనమామ వచ్చి, "ఈ మొక్కల్ని మేము పీకలేదమ్మా, మీ ఆనవాయితీ గదా అని ఇడిచిపెట్టినాం" అన్నాడు. అవ్వ ఆయన్ను నోరారా దీవించింది. వియ్యపురాలు ఆ పూలు కోసి అవ్వ కొప్పులో పెట్టింది.

ఆ తర్వాత వార్తలు వరసగా వచ్చాయి. ఏర్పేడులో అయ్యవారి బావి పక్కన రెండు మొక్కలు. ఆయన ఉత్తరీయం అక్కడే ఉతికారట, ఆయన అప్పటికే వాటి పూలతో పూజ చేసుకుంటున్నారు. అసలు చేరాల్సిన చోటు, మా అత్త ఇంటి నేరేడుచెట్టు కింద కూడా, చీర కుచ్చిళ్ళ దయవల్ల ఒకటి. అవ్వ ఎక్కడికక్కడ పోయి చూసింది గానీ ఎక్కడా మొక్క పెళ్ళగించి తెచ్చుకోలేదు. నాలుగు కాయలు మాత్రం తెచ్చి మా ఇంటి ముందు కొత్త మట్టిలో వేసుకుంది. అంతకుముందు మొక్క అడిగితే ముఖం చిట్లించే మనిషి, ఆ తర్వాత దారిన పోయేవాళ్ళను పిలిచి కాయలు ఇచ్చేది. "నేను మడి కట్టి కాపలా కాస్తే సచ్చిపోయింది. పెండ్లిలో అందురూ ఇసిరేస్తే బతికింది. తీసుకోపో" అనేది.

అవ్వ ఇప్పుడు లేదు. పోయేనాటికి ఆవిడ కొప్పులో చిలకముక్కు మూర ఉంది, అది నేనే కట్టాను.

మొన్న చిత్తూరులో మా చిన్నాయన కొడుకు పెండ్లి జరిగింది. అక్షింతల పళ్ళెంలో కనకాంబరం కాయలు కలపడం ఇప్పుడు మా రెండు వైపుల చుట్టాల్లోనూ మామూలైపోయింది. కాయలు లేకపోతే ముహూర్తం ఆపేస్తారేమో అన్నంత పట్టింపు. పౌరోహిత్యం మా ఏర్పేడు అయ్యవారిదే, ఇప్పుడు బాగా ముసలివారయ్యారు. పెండ్లికూతురి వైపు ఎవరో, "స్వామీ, ఈ కాయలు ఎందుకు?" అని అడిగితే, "అనాదిగా వస్తున్న ఆచారం నాయనా, మూడో ముడికి పేలడం శుభం" అని గంభీరంగా సెలవిచ్చి, నా వైపు చూసి ఒక కన్ను కొద్దిగా, చాలా కొద్దిగా, మూశారు. నేను పన్నీరు బుడ్డి పట్టుకుని ఉన్నాను. ఆ బుడ్డి ఇంకెవరికీ ఇవ్వరు నాకు తప్ప. మూడో ముడికి మండపమంతా టపటపలాడింది. నా కళ్ళు ఎందుకు తడిశాయని ఎవరో అడిగితే పన్నీరు పడిందని చెప్పాను.

సాయంత్రం తిరుపతిలో మా అపార్టుమెంటుకు చేరి, అద్దం ముందు జడ విప్పుకుంటుంటే దువ్వెనకు ఏదో తగిలింది. చెవి దగ్గర తెల్లబడ్డ వెంట్రుకల్లో చదునైన చిన్న గోధుమరంగు విత్తనం ఒకటి చిక్కుకుని ఉంది. బస్సులో గొడుగు విప్పిన ఆ బాటనీ స్టూడెంటు అయితే వెంటనే దాన్ని చిమటాతో తీసి, మంచి మట్టి వెతికి, వేలెడు లోతున నాటి, పొద్దున్నే లేచి దాని ముందు కూర్చునేది. ఆ పిల్లను తలుచుకుని నవ్వుకున్నాను. దువ్వెన పక్కన పెట్టి, బాల్కనీలోకి పోయి, కుండీల మీదికి వంగి, జుట్టంతా విరబోసుకుని గట్టిగా తల విదిలించాను.